కాలు కింద పెట్టకుండా

మోటారుసైకిలు గుణం జోరులో తెలియదు. చదునైన తారు రోడ్డు మీద, ఎదురెవరూ లేనప్పుడు, నాలుగో గేరులో ఏ బండైనా మంచిదే. ఆ వేగమే దాన్ని నిలబెడుతుంది, నడిపేవాడు చేతులు ఆనించి కూర్చుంటే చాలు. నడక వేగానికి దిగేసరికి ఆ సాయం పోతుంది. బండి బరువెంత, ఆ బరువు కిందుందా పైనుందా, క్లచ్చి ఎంత మెత్తగా పట్టుకుంటుంది, ఇంజను ఎంత ఓర్పుగా లాగుతుంది, మన పాదం నేలకు ఆనుతుందా లేదా, అన్నీ ఆ కాసేపట్లోనే బయటపడతాయి. నర్సీపట్నంలో ఉండి కొండ మీదికి బండి నడిపేవాళ్ళకు ఈ సంగతి ఒంటికి తెలుసు. అయినా బండి కొనేటప్పుడు దీన్ని పరీక్ష చేసి కొన్నవాళ్ళను నేను చాలా తక్కువమందిని చూశాను.

ఈ ఆలోచన మా మేనల్లుడి వల్ల గట్టిపడింది. ఉద్యోగం కుదురుకుంది, కొంత డబ్బు కూడబెట్టాడు, అడ్వెంచర్ బైకు కొనాలని వాడి కోరిక. "మావయ్యా, ఏది తీసుకోమంటావ్?" అని ఫోన్లో పట్టికలు పెట్టుకుని వచ్చాడు. పట్టికలో ఉన్నవి ఇవాళ కుర్రాళ్ళందరి నోటా నలుగుతున్నవే. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450, అది 2023 నవంబరులో వచ్చింది: 452 సీసీ, 40 పీఎస్, 196 కిలోలు. కేటీఎం 390 అడ్వెంచర్, మన దేశంలోకి 2020లో 373 సీసీతో వచ్చి, 2025 జనవరిలో 399 సీసీకి మారింది: 46 పీఎస్. సుజుకీ వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్, 2022 నుంచి ఉంది: 249 సీసీ, 26.5 పీఎస్, 167 కిలోలు. చివర్న హీరో ఎక్స్‌పల్స్ 210. ఐరోపాలో మధ్యరకం అడ్వెంచర్ బైకు అంటే ఏడెనిమిది వందల సీసీ మాట. మన దగ్గర ఈ నాలుగు వందలదే ఆ స్థానం. మన రోడ్లకూ మన ఒళ్ళకూ ఇదే సరైన మధ్యరకం అని నా నమ్మకం.

పట్టికలో ఇంకో గీత కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అది దాటినవాటికి 40 శాతానికి పెరిగింది. దాంతో కుర్రాళ్ళ లెక్కలన్నీ ఆ గీతకు అటూ ఇటూ తిరుగుతున్నాయి. లక్షల ఖర్చు కాబట్టి ధర చూసుకోవలసిందే. అయితే ధర చూసి సగం నిర్ణయం, కాగితం మీది పీఎస్‌లు చూసి మిగతా సగం చేసేస్తే, ఆ బండి పదేళ్ళు ఏ దారుల్లో తిరగబోతోందో ఆ దారికి నోరు లేకుండా పోతుంది.

షోరూమ్ టెస్ట్ రైడ్ ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. వాడితో కలిసి విశాఖ వెళ్ళాను. లైసెన్సు చూపించి, సంతకం పెడితే తాళం ఇస్తారు. నేరుగా పెద్ద రోడ్డెక్కి, ముందున్న యూటర్న్ దగ్గర తిరిగి రావాలి. దూరం రెండు మూడు కిలోమీటర్లు. ఆ కాసేపట్లో కుర్రాడు చేసే పని ఒకటే, యాక్సిలరేటర్ తిప్పి చూడటం. వాడూ అదే చేశాడు. ప్రతి బండి దిగినప్పుడూ కళ్ళు మెరిశాయి. ఎక్కిన ప్రతి బండీ బాగుందంటే ఆ పరీక్షలో దేనికీ మార్కులు పడలేదనే అర్థం. షోరూమ్ వాళ్ళ తప్పని అనను. బండి వాళ్ళది, బాధ్యత వాళ్ళది, రోజుకు పదిమంది వస్తారు. అయితే ఆ రెండు కిలోమీటర్ల సంబరాన్ని పరీక్ష అనుకోవడం మన పొరపాటు.

సంతలో ఎడ్లు కొనే రైతు ఎలా చూసేవాడో మా తాతల కాలం వాళ్ళందరికీ తెలుసు. పళ్ళు చూసి వయసు పట్టేవాడు, సుళ్ళు చూసేవాడు. ఆ తరవాత బండికో నాగలికో కట్టి, బరువు మీద నడిపించి చూసేవాడు. పరుగెత్తే ఎద్దును చూసి ముచ్చటపడటం వేరు, కాడి మెడ మీద పడ్డాక అది అడుగు ఎలా వేస్తుందో చూడటం వేరు. కొనడానికి ముందు రెండోదే చూసేవాడు. మోటారుసైకిలుకు కాడి కట్టి చూడటమంటే ఏమిటన్నది నా ప్రశ్న.

నర్సీపట్నంలో దానికి జవాబు ఊరి బయటే ఉంది. మన ఊరు సముద్రమట్టానికి అరవై మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. చింతపల్లి రోడ్డు పట్టుకుని డౌనూరు దాటితే ఘాటు మొదలవుతుంది. లంబసింగి చేరేసరికి వెయ్యి మీటర్ల ఎత్తు. ముప్పై కిలోమీటర్ల చిల్లర దూరంలో అంత పైకి. ఎండాకాలం మధ్యాహ్నం కింద బయలుదేరినవాడికి పైన గాలి మారిపోతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా దిగుతుంది. ఆ ఎత్తులో గాలి కింద కంటే దాదాపు పదో వంతు పలచన, ఇంజను బలం కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. నలభై పీఎస్ బండికి అది తెలియనే తెలియదు. చిన్న ఇంజను మీద ఇద్దరూ ఒక మూటా ఎక్కితే తెలుస్తుంది.

ఈ దారి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. సరదాకి దీని మీద బండి నడిపే ప్రతి కుర్రాడూ తెలుసుకోవలసింది అది. బ్రిటిష్ పాలనలో, గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ హయాంలో నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించారు. మన్యం జనాన్ని బలవంతంగా పనికి తోలి, కూలి సరిగా ఇవ్వకుండా కొండ తవ్వించారు. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ముఖ్యమైన కారణాల్లో ఒకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషను మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద దాడి చేసి రాజూ ఆయన అనుచరులూ తుపాకులు పట్టుకెళ్ళారు. 1924 మే 7న ఆయన్ను కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఇవాళ రోడ్డు వెడల్పయింది, తారు పడింది. కానీ ఈ దారి పుట్టిన కాలం ఎడ్లబండిదీ కాలినడకదీ. కొండ ఒంపులను పట్టుకుని, మెలికలు తిరుగుతూ, నిదానంగా పైకి పోతుంది. దీని మీద వేగం చూపించబోయేవాడికి దారి ఒప్పుకోదు.

ఆ ఒంపుల్లో రెండో గేరులో, గంటకు పదిహేను ఇరవై కిలోమీటర్లతో ఎక్కుతున్నప్పుడు ఇంజను రెండు, రెండున్నర వేల ఆర్‌పీఎమ్ దగ్గర ఉంటుంది. కాగితం మీది నలభై పీఎస్ ఎనిమిది వేల దగ్గర వచ్చేది, ఆ మలుపులో దాని ఊసే లేదు. అందుకే పట్టికలో పీఎస్ గడి కంటే టార్క్ గడి చూడమంటాను, టార్క్ ఎంత అన్నదాని కంటే అది ఏ ఆర్‌పీఎమ్ దగ్గర వస్తుందో చూడమంటాను. హిమాలయన్ 450కి 40 న్యూటన్ మీటర్లు 5500 దగ్గర. కేటీఎంకి 39, అది 6500 దగ్గర. వీ-స్ట్రోమ్‌కు 22.2, అది ఏడు వేలు దాటాక. 2016లో వచ్చిన పాత హిమాలయన్ 411కి బలం పాతిక పీఎస్ కూడా లేదు గానీ, 32 న్యూటన్ మీటర్లు నాలుగు, నాలుగున్నర వేల దగ్గరే దొరికేవి. కొత్తది వచ్చినా పాతదాన్ని అమ్మకుండా ఉంచుకున్నవాళ్ళను అడిగితే చాలామంది "లాగుడు" అన్న ఒక్క మాట చెబుతారు. వాళ్ళ మాట వట్టి అభిమానం కాదు, ఆ అంకెల్లోనే ఉంది. అట్లాగని కొత్తవి పనికిరావని కాదు. వాటికి మలుపులో ఒక గేరు దించాలి, క్లచ్చిని సగం పట్టి ఆడించాలి. ఆ పని నీ ఎడమ చేతికి ఇష్టమో కాదో ఘాటులో తప్ప తెలియదు.

చలికాలం ఆదివారం తెల్లవారుజామున లంబసింగి దారిలో కార్లు బారులు తీరతాయి. పైన మంచు చూడటానికి వచ్చే జనం. ఆ వరసలో ఇరుక్కుని, ఎత్తు మీద, అడుగడుగునా ఆగుతూ అరగంట ఎక్కితే మూడు సంగతులు తేలతాయి. క్లచ్చి లివరు వేళ్ళను నొప్పెడుతుందా. రేడియేటర్ ఫ్యాను తిరిగినప్పుడు వేడి మోకాళ్ళకు కొడుతుందా. ఆగిన ప్రతిసారీ వాలు మీద కాలు ఎక్కడ పడుతుంది. ఈ మూడోది చాలా పెద్దది. మన మగవాళ్ళ సగటు ఎత్తు అయిదడుగుల అయిదంగుళాల చుట్టుపక్కల. ఈ బండ్ల సీట్లన్నీ 825, 830, 835 మిల్లీమీటర్లు. చదును నేల మీద మునివేళ్ళు అందితే చాలనుకుంటాం. కొండ రోడ్డు అంచు పక్కకు వాలి ఉంటుంది. ఆ వైపు కాలు పెట్టేసరికి నేల మరో రెండంగుళాలు కిందికి పోతుంది. దాదాపు రెండు వందల కిలోల బండి ఒక్కసారి ఒరిగితే ఆపగలిగే మనిషి లేడు. చాలామంది బండ్లు పడేసేది నిలబడినచోటే, వేగంలో కాదు.

మా పేటలో ఒక పాత మెకానిక్ ఉన్నాడు. ఏజెన్సీ బండ్లకు వైద్యం చేస్తూ జుట్టు నెరిసిన మనిషి. మేనల్లుణ్ణి తీసుకెళ్ళి అడిగిస్తే ఆయన చెప్పింది ఇది: "ఎక్కడం ఏ బండైనా ఎక్కుద్ది బాబూ. దిగినప్పుడు సూడాలి దాని సంగతి." అదే పరీక్షలో రెండో సగం. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేసి ఘాటు దిగే అలవాటు మన వైపు చాలామందికి ఉంది. అది ప్రాణాంతకం. బరువంతా బ్రేకుల మీద పడి, అవి కాగి, పట్టు వదులుతాయి. రెండో గేరులో వేసి, యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని వెనక్కి పట్టుకోవాలి. కొన్ని ఇంజన్లు మెత్తగా పట్టుకుంటాయి, కొన్ని కుదుపుతాయి, కొన్ని సరిగా పట్టుకోవు. దిగువ మలుపులో ఇసుక పోగై ఉంటుంది, వానాకాలం ఎర్రమట్టి కొట్టుకొచ్చి తారు మీద పరుచుకుంటుంది. అక్కడ ముందు బ్రేకు రెండు వేళ్ళతో నొక్కితే ముక్కు ఎంత కిందికి దిగుతుంది, చక్రం జారబోతుంటే ఏబీఎస్ ఎంత త్వరగా మేలుకుంటుంది, ఇవన్నీ దిగుడులోనే చూసుకోవాలి.

ముందు చక్రం సంగతి కూడా అక్కడే. 21 అంగుళాల చక్రం గతుకులనూ రాళ్ళనూ తేలిగ్గా దాటేస్తుంది, మలుపుకు కాస్త బద్ధకంగా తిరుగుతుంది. 19 అంగుళాలది మలుపుకు చురుకు, గోతిలో దెబ్బ తింటుంది. చింతపల్లి దాకా తారు రోడ్డు మీదే పోయేవాడికి రెండోది మేలు, అక్కణ్ణుంచి లోపలి గూడేలకు మట్టిదారిన పోయేవాడికి మొదటిది. దీనికి తోడు ట్యూబు ఉన్న టైరా లేనిదా అన్నది చూసుకోవాలి. డౌనూరుకూ లంబసింగికీ మధ్య పంక్చరైతే, ట్యూబులెస్‌కు అక్కడికక్కడ బొందు దూర్చి గాలి కొట్టుకుని పోవచ్చు. ట్యూబయితే చక్రం ఊడదీయాలి. హిమాలయన్ 450 మొదట ట్యూబులతోనే వచ్చింది, ట్యూబులెస్ స్పోకు చక్రాలు తరవాత అదనపు ధరకు వచ్చాయి. కొనేవాళ్ళు పట్టుబట్టి అడిగినందుకే వచ్చాయని నేననుకుంటాను, అలా అడగడం మంచిది.

నిదానం అంటే చేతకానితనం అని కుర్రాళ్ళకు ఒక అపోహ. ప్రపంచంలో ట్రయల్స్ అని ఒక మోటారుసైకిలు పోటీ ఉంది. బండరాళ్ళ మీద, వాగుల్లో, దుంగల మీద నడుపుతారు. ఎంత వేగంగా పోయావన్నదాని కంటే కాలు నేలకు ఎన్నిసార్లు పెట్టావన్నదే అందులో అసలు లెక్క, పెట్టిన ప్రతిసారీ శిక్ష. స్పెయిన్‌కు చెందిన టోనీ బో 2007 నుంచి వరసగా ఆ ప్రపంచ పోటీ గెలుస్తున్నాడు. ఎడారుల్లో వేల కిలోమీటర్లు పరుగెత్తే డకార్ ర్యాలీ ఇంకో రకం. అందులో 2015లో పాల్గొన్న సి.ఎస్. సంతోష్ మన దేశం నుంచి మొదటివాడు. 2024లో హరిత్ నోవా ర్యాలీ-2 విభాగంలో గెలిచాడు. వాళ్ళంటే నాకు చాలా గౌరవం. అడ్వెంచర్ బైకుల ప్రకటనలన్నీ ఆ ఎడారి బొమ్మలతోనే ఉంటాయి. కానీ మన ఘాటులో పనికొచ్చే విద్య బో చేసే విద్యకే దగ్గర. మన ఆర్టీవో ఆఫీసులో లైసెన్సు ఇచ్చే ముందు నడిపించే '8' కూడా అదే విద్య. కాలు కింద పెట్టకుండా, నిదానంగా, చిన్న చోటులో తిప్పడం. దాన్ని తేలిక బండి మీద ఒక్కసారి గీసి మనం మర్చిపోతాం. కొనబోయే బండి మీద అదే '8' గీయాలి. ఖాళీ మైదానంలో, హ్యాండిల్ చివరిదాకా తిప్పి, ముందు ఒంటరిగా, తరవాత వెనక మనిషితో. మేనల్లుడికి నేను చెప్పిన మొదటి పరీక్ష అది. షోరూమ్ వెనక స్థలం చాలు, పెట్రోలు కూడా పెద్దగా కాలదు. రెండోది ఇంకా సులువు. ఇంజను ఆపి, కొంచెం ఎత్తున్నచోట బండిని వెనక్కి నెట్టి చూడటం. వర్షంలో, మెట్టెక్కించి ఇంటి ముందు పెట్టుకునేది రోజూ నువ్వే.

మన్యంలో రోజూ బండి నడిపేవాళ్ళ దగ్గర వంద సీసీ బండ్లే ఉన్నాయి. పసుపు బస్తా, మిరియాల మూట, కాఫీ గింజలు, సంత సరుకు, వెనక ఇద్దరు మనుషులు. ఆ బరువుతో, అదే మలుపుల్లో, వాన చినుకుల్లో వాళ్ళు దిగుతుంటే చూసి నేను బండి వేగం తగ్గించి పక్కకు జరుగుతాను. వాళ్ళ చేతిలో క్లచ్చి మాట వింటుంది. రోడ్డు లేని గూడేల నుంచి రోగుల్ని డోలీల్లో మోసుకొచ్చే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. వాటికి మందుగా మోటారుసైకిలు పక్కన పడక బిగించి ఫీడర్ అంబులెన్సులు తెచ్చారు. పెద్ద వాహనం పోలేని దారిలో గర్భిణిని ఒక బైకు దించుకొస్తోందంటే, దాన్ని నడిపేవాడికి తెలిసిన నిదానం మన కంపెనీల ఏ పట్టికలోనూ లేదు. లక్షల బండి కొనేవాడు ఈ మనుషుల దగ్గర ఒక గంట కూర్చుని నాలుగు ప్రశ్నలు అడిగితే, ఏ పత్రికలోని సమీక్షా చెప్పలేని సంగతులు వింటాడు.

ఇక బండి వెనక సీటు. మా మేనల్లుడు ఆ గడి పట్టికలో పెట్టుకోనే లేదు. వాళ్ళమ్మ, అంటే మా అక్క, మోకాళ్ళ నొప్పికి నెలనెలా డాక్టరు దగ్గరికి పోవాలి. ఇంట్లో కారు లేదు. వాడు కొనే బండి మీద అందరికంటే ఎక్కువ భయంతో కూర్చునేది ఆవిడే. ఆవిడను ఒక షోరూమ్‌కు తీసుకెళ్ళి ఎక్కమన్నాను. చీర కట్టుకున్న మనిషి, వెనక సీటు నడుము కంటే పైన, పక్కకు కూర్చుంటే కాలు ఆనడానికి చోటు సరిగా లేదు. "దీని మీదికి నిచ్చెనేసుకుని ఎక్కాల్రా" అంది అక్క. వాడి ముఖం వాడిపోయింది, కానీ మాట నిజం. పట్టుకోవడానికి పిడి, కాళ్ళకు ఆనిక, చీరకొంగు పడకుండా వెనక చక్రానికి సగం దాకా అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనలే చెబుతున్నాయి. అవి బిగించి ఉన్నాయా లేదా చూడటంతో సరిపోదు. మన ఇంటి మనిషి, మన ఇంటి బట్టలతో, వాటి సాయంతో కూర్చోగలుగుతోందా అని చూడాలి. వెనక మనిషి జంకుతూ కూర్చున్న బండి నిదానంలో నిలబడదు. ఆవిడ కొంచెం పక్కకు ఒరిగినా హ్యాండిల్ వణుకుతుంది. ఆ రోజుతో వాడి పట్టికలో ఒక పేరు మీద కొట్టివేత పడింది.

కంపెనీల వాళ్ళకు నాదొక విన్నపం ఉంది. అనకాపల్లి జిల్లాలో, అల్లూరి సీతారామరాజు జిల్లాలో అడ్వెంచర్ బైకు కొనేవాళ్ళు పెరుగుతున్నారు. నెలకు ఒక్క ఆదివారం పరీక్ష బండ్లను నర్సీపట్నం తీసుకురండి. పూచీకత్తు తీసుకోండి, హెల్మెటూ చేతి తొడుగులూ లేనివాడికి ఇవ్వకండి, ముందొక మనిషిని పెట్టి డౌనూరు నుంచి పైదాకా వరసగా నడిపించండి. అమ్మిన తరవాత వచ్చే ఫిర్యాదుల్లో సగం ఆ ఉదయమే తీరిపోతాయి. అంతదాకా మనకున్న దారి అద్దె బండ్లు. విశాఖలో ఈ రకం బైకులు రోజువారీ అద్దెకు దొరుకుతాయి. మూడు లక్షలు పెట్టబోయేవాడికి రోజు అద్దె భారం కాదు.

మేనల్లుడి పట్టికలో ఇప్పుడు రెండే మిగిలాయి. మొదటి వానలు పడి ఘాటు మీదికి ఎర్రమట్టి దిగాక, ఒక్కోదాన్ని ఒక్కో రోజు తెస్తానన్నాడు. ఉదయం తనొక్కడే డౌనూరు నుంచి పైకి, మధ్యాహ్నం వెనక వాళ్ళమ్మతో లంబసింగి దగ్గరి తాజంగి దాకా, వచ్చేటప్పుడు రెండో గేరులో కిందికి. అడ్వాన్సు కట్టేది ఆ తరవాతే.